ముగ్గురు కృష్ణుల నాటకం

కౌరవ సభలో కృష్ణుడి రాయబారం చెడిపోతుందని తెలియనివాళ్ళు ఐ.పోలవరంలోనే కాదు, కోనసీమ మొత్తం గాలించినా దొరకరు. ఆయన అయిదూళ్ళయినా ఇమ్మంటాడు, సూదిమొన మోపినంత నేల కూడా ఇవ్వనని దుర్యోధనుడంటాడు, యుద్ధం ఖాయమవుతుంది. తెలిసిన ఈ కథ కోసమే తీర్థాల్లోనూ శ్రీరామనవమి పందిళ్ళలోనూ జనం తరాల తరబడి తెల్లవార్లూ కూర్చున్నారు. ఏం జరుగుతుందా అని కాదు, ఎవరు ఎలా జరిపిస్తారా అని. టీవీలో పిల్లలు కళ్ళార్పకుండా చూసే అమెరికా రెజ్లింగ్ కూడా సరిగ్గా ఈ కోవకు చెందిన వినోదమే. గెలుపోటములు ముందే రాసిపెట్టి ఉంటాయి, ఆ సంగతి చూసేవాళ్ళకూ తెలుసు. సంక్రాంతికి మురమళ్ళలో కోడిపందేల బరి చుట్టూ చేరేవాళ్ళది వేరే లోకం. అక్కడ ఫలితం ముందే ఖాయమైందని పొక్కితే తలలు పగులుతాయి. కాబట్టి రెజ్లింగ్‌ను అర్థం చేసుకోవాలంటే ఆటలకన్నా పద్యనాటకమే మంచి దారి. చతికిలపడ్డ రెజ్లింగ్ కంపెనీ పెద్ద పెద్ద పేర్లను తెచ్చుకుని నిలబడగలదా, పెరగగలదా అని ఈ మధ్య బాగా వాదులాడుకుంటున్నారు. మన నాటకరంగం ఈ ప్రశ్నను ఎప్పుడో ఎదుర్కొంది, దానికి మూల్యం కూడా చెల్లించింది.

తెలుగునాట నాటక సమాజాలు మొదట్లో ఊరి పేరుతో, సభ పేరుతో బతికాయి. మైలవరం కంపెనీ అంటే ఒక తీరు, తెనాలి రామవిలాస సభ అంటే మరో తీరు. నటులు కలిసి సాధన చేసేవారు. కృష్ణుడి పద్యం ఎక్కడ ఆగుతుందో, అర్జునుడు ఎక్కడ అందుకోవాలో హార్మోనియం వాయించే ఆయనతో సహా అందరికీ కంఠతా ఉండేది. ఆ తర్వాత కాంట్రాక్టర్ల కాలం వచ్చింది. కాంట్రాక్టరు లెక్క చాలా సూటిగా ఉంటుంది: సమాజాన్ని మొత్తం పోషించడం దండగ, జనం అడిగేది నలుగురినే, ఆ నలుగురికీ అడ్వాన్సులిచ్చి ఒక్క రాత్రికి ఒక వేదిక ఎక్కిస్తే చాలు. ఈలపాట రఘురామయ్య, షణ్ముఖి ఆంజనేయరాజు, పీసపాటి నరసింహమూర్తి కృష్ణులుగా, మాధవపెద్ది వెంకట్రామయ్య దుర్యోధనుడిగా పేరు మోసినవాళ్ళు. వాళ్ళ పేర్లు గోడమీద పడితే బళ్ళు కట్టుకుని వచ్చేవారు. ఆ లెక్క ముదిరి ముదిరి, ఒకే నాటకంలో ఒకే పాత్రను ఇద్దరు ముగ్గురు పంచుకునే దాకా వెళ్ళింది. పడక సీనుకు ఒక కృష్ణుడు, రాయబారానికి ఇంకో కృష్ణుడు, యుద్ధరంగానికి మరొకరు. హరిశ్చంద్ర నాటకంలోనూ అంతే, సింహాసనం దిగిన రాజు ఒకరు, కాటికాపరి ఇంకొకరు. గంట తిరిగేసరికి దేవుడి ఎత్తూ గొంతూ ముక్కూ మారిపోతున్నా జనానికి ఏ అభ్యంతరమూ లేదు. వాస్తవికతను ఇంత నిబ్బరంగా పక్కకు నెట్టేసిన ప్రేక్షకులు ఇంకే దేశంలోనైనా ఉన్నారా అన్నది నా అనుమానం.

ఇందులో ఆనందం లేదనను, బోలెడంత ఉంది. ఒక పద్యానికి ఒక కృష్ణుడు అందుకున్న రాగాన్ని తర్వాతి కృష్ణుడు మించిపోవాలని చూడటం, ‘వన్స్ మోర్’ కేకలు, ఎవరు గొప్ప అని మర్నాడు కాలవగట్టు మీద తగాదాలు, ఇవన్నీ ఆ కళ ఇచ్చిన సుఖాలే. నష్టం ఇంకోచోట జరిగింది. ఒక్క రాత్రి కోసం తలోదిక్కు నుంచీ వచ్చినవాళ్ళకు కలిసి సాధన చేసే తీరిక లేదు. పద్యం నటనను మింగేసింది, ఆలాపన పద్యాన్ని మింగేసింది. నకులుడూ సహదేవుడూ వికర్ణుడూ ఎవరు దొరికితే వాళ్ళు. ఒకప్పుడు సమాజంలో చిన్న వేషంతో మొదలుపెట్టి, పెద్దాయన పక్కన పదేళ్ళు నిలబడి, ఆయనకు గొంతు రాసిన రాత్రి ఆ కిరీటం తొడుక్కుని పైకొచ్చే కుర్రాడుండేవాడు. కాంట్రాక్టు నాటకంలో అతనికి చోటే లేకుండా పోయింది. ఆ పందిట్లో కూర్చున్న వేలమంది ఎవరి జనం? రఘురామయ్య జనం, షణ్ముఖి జనం, పీసపాటి జనం. నాటకం ఆడించిన సంస్థకంటూ మిగిలిన జనం ఒక్కరూ లేరు. తెల్లారి నటులు రైలెక్కితే జనం కూడా వాళ్ళతోపాటే వెళ్ళిపోయినట్టు లెక్క.

నా వాదన అంతా ఇక్కడే ఉంది. పేరున్నవాడు తన జనాన్ని వెంటబెట్టుకుని వస్తాడు, అందులో సందేహం లేదు. ఆయన వెళ్ళిపోయినప్పుడు ఆ జనంలో కొంతమందైనా కంపెనీ దగ్గర ఆగిపోతేనే కంపెనీ పెరిగినట్టు. వాళ్ళు ఆగడానికి, ఫలితం ముందే రాసుకునే వినోదంలో, ఒకటే దారి ఉంది: వచ్చిన పెద్దాయన తన పెద్దరికాన్ని ఇంట్లో పెరిగిన వాడికి అందించి వెళ్ళాలి. రెజ్లింగ్ భాషలో చెప్పాలంటే, అందరి కళ్ళ ముందూ, శుభ్రంగా, సాకులు లేకుండా అతని చేతిలో ఓడిపోవాలి. ఎంత పెద్ద పేరును తెచ్చారన్నది ప్రశ్నలో సగమే. ఆ పేరు ఎవరికి ఓడింది అన్నది మిగతా సగం, కంపెనీ బతుకు దానిమీదే ఆధారపడి ఉంటుంది.

దీనికి డబ్ల్యూసీడబ్ల్యూ కథను మించిన రుజువు లేదు. టెడ్ టర్నర్ టీవీ సామ్రాజ్యంలో భాగమైన ఆ కంపెనీ 1994లో హల్క్ హోగన్‌ను తెచ్చుకుంది. తర్వాత ర్యాండీ సావేజ్, 1996లో స్కాట్ హాల్, కెవిన్ నాష్, 1997 చివర్లో బ్రెట్ హార్ట్. అందరూ ప్రత్యర్థి డబ్ల్యూడబ్ల్యూఎఫ్‌లో వెలిగినవాళ్ళే. ఫలితం కళ్ళు చెదిరేలా వచ్చింది. 1996 నుంచి 1998 ఏప్రిల్ దాకా 83 వారాలు వరసగా సోమవారం రాత్రి పోటీలో డబ్ల్యూసీడబ్ల్యూదే పైచేయి. అక్కడితో కథ ఆపితే స్టార్లను కొనడమే మోక్షమార్గం అనిపిస్తుంది. కానీ హోగన్ ఒప్పందంలో తన కథ ఎలా నడవాలో తేల్చుకునే హక్కు ఆయన చేతిలో ఉంది. అలాంటి హక్కున్నవాడు ఓడిపోవడానికి తొందరపడడు కదా! అయినా ఒక్క మహత్తరమైన అవకాశం వచ్చింది. ఫుట్‌బాల్ నుంచి వచ్చి, ఆ కంపెనీలోనే తయారైన గోల్డ్‌బర్గ్ ఎదురులేకుండా గెలుస్తూ వచ్చి, 1998 జూలై 6న అట్లాంటా జార్జియా డోమ్‌లో హోగన్‌ను ఓడించాడు. పెద్దరికం చేతులు మారింది. ఆరు నెలలు తిరక్కుండా కంపెనీ దాన్ని వెనక్కి లాగేసుకుంది. డిసెంబరులో గోల్డ్‌బర్గ్‌ను నాష్ చేతిలో ఓడించారు. 1999 జనవరి 4న అదే జార్జియా డోమ్‌లో హోగన్ వేలితో గుండెమీద పొడిస్తే నాష్ వెల్లకిలా పడిపోయి బిరుదును ఆయనకు అప్పగించాడు. పాత స్నేహితులు తమలో తాము ఆడుకున్న పరాచికం అది. టికెట్టు కొన్నవాళ్ళకు తాము మోసపోయామని ఆ వేలే చెప్పింది.

అదే రాత్రి అవతలి చానల్లో ఏం జరిగిందో కూడా చూడాలి. మిక్ ఫోలీ ఈ రాత్రి అవతల బిరుదు గెలవబోతున్నాడు, అదెవరు చూస్తారులే అన్నట్టు డబ్ల్యూసీడబ్ల్యూ వ్యాఖ్యాత ఎగతాళి చేశాడు. ఆ మాట విన్న జనం పెద్ద సంఖ్యలో చానల్ మార్చుకుని వెళ్ళి ఫోలీ గెలుపు చూశారు. ఫోలీ ఒకప్పుడు డబ్ల్యూసీడబ్ల్యూలో ఉండి వెళ్ళినవాడే. ఆ రోజుల్లో డబ్ల్యూడబ్ల్యూఎఫ్‌ను నిలబెట్టిన స్టీవ్ ఆస్టిన్‌నయితే గాయంతో ఉండగా 1995లో వాళ్ళే ఉద్యోగంలోంచి తీసేశారు. పెద్దపేర్లను కొనడానికి డబ్బున్నవాడికి ఇంట్లో ఉన్నవాడు కనపడలేదు. పెద్దపేర్లు చేజారిపోయి గత్యంతరం లేనివాడు దొరికినవాళ్ళనే పెద్దవాళ్ళను చేసుకున్నాడు. 2001 మార్చిలో డబ్ల్యూసీడబ్ల్యూ కొద్ది మిలియన్ డాలర్లకు ఆ ప్రత్యర్థికే అమ్ముడైపోయింది. టర్నర్ సంస్థను ఏఓఎల్ మింగడం, కొత్త యజమానులకు కుస్తీ అంటే చిన్నచూపు ఉండటం కూడా అందులో పాలు పంచుకున్నాయి, నిజమే. కానీ జనం నిండుగా ఉంటే ఏ చానలూ ఆ కార్యక్రమాన్ని గెంటేయదు.

ఇక్కడ గట్టి అభ్యంతరమే ఒకటి ఉంది. అసలు డబ్ల్యూడబ్ల్యూఎఫ్ దేశమంతా పాకింది ఎవరివల్ల? బయటినుంచి తెచ్చుకున్న హోగన్ వల్లే. తండ్రి దగ్గర 1982లో కంపెనీ కొనుక్కున్న విన్స్ మెక్‌మాన్, 1983 చివర్లో హోగన్‌ను వేరే కంపెనీ నుంచి తెచ్చాడు. 1984 జనవరిలో బిరుదు కట్టబెట్టాడు. ఆ తర్వాతిదంతా చరిత్ర. స్టార్‌ను కొనడం పనికిరాదంటే ఈ హోగన్‌ను ఎక్కడ పెట్టాలి? నా వాదనకు ఇది ఎదురు రుజువులా కనిపిస్తుంది గానీ, దగ్గరికెళ్ళి చూస్తే బలమే ఇస్తుంది. అప్పటికి హోగన్ వయసు ముప్ఫై. పేరుంది, శిఖరం ఇంకా పైన ఉంది. 1994లో డబ్ల్యూసీడబ్ల్యూ కొన్నది శిఖరం దిగుతున్న హోగన్‌ను. పైగా 1987 మార్చి 29న పదిహేనేళ్ళుగా ఓటమి ఎరగడని పేరుపెట్టిన ఆండ్రే ద జెయింట్, అప్పటికే ఒళ్ళు సహకరించని స్థితిలో, హోగన్‌ను తన బరువైన శరీరాన్ని ఎత్తనిచ్చాడు, పడేయనిచ్చాడు, గెలవనిచ్చాడు. హోగన్‌కు ఒకరు ఓడి ఇచ్చారు. ఆయన దగ్గరికొచ్చేసరికి చెయ్యి ముడుచుకుంది.

ఇంకొందరు అంటారు, కుదేలైన కంపెనీకి సొంత కుర్రాళ్ళను పదేళ్ళు పెంచుకునే వ్యవధి ఎక్కడుంది, ముందు తలుపు తెరుచుకోవాలి కదా అని. ఒప్పుకుంటాను. తలుపు తెరవడానికి పెద్దపేరును మించిన తాళంచెవి లేదు. 2019లో టోనీ ఖాన్ మొదలుపెట్టిన ఏఈడబ్ల్యూ, ఏడేళ్ళు బరికి దూరంగా ఉన్న సీఎం పంక్‌ను 2021 ఆగస్టు 20న సొంత ఊరు షికాగోలో తిరిగి తెచ్చినప్పుడు అక్కడి హోరు అబద్ధం కాదు. ఆ ఒప్పందంతో కంపెనీకి దక్కిన అసలు లాభం మాత్రం ఆ హోరులో లేదు. 2022 ఫిబ్రవరిలో, అదే షికాగోలో, తన జనం ముందే పంక్ ఎంజేఎఫ్ అనే కుర్రాడి చేతిలో ఓడాడు. ఎంజేఎఫ్ కంపెనీ పుట్టిన దగ్గర్నుంచీ అక్కడే ఉన్నవాడు. 2023 ఆగస్టు 27న లండన్ వెంబ్లీలో 81,035 మంది వచ్చారని ఏఈడబ్ల్యూ ప్రకటించిన రాత్రి ఆఖరి కుస్తీ, బిరుదు కుస్తీ, ఎంజేఎఫ్‌దే. పంక్ సంగతా? అదే రోజు తెరవెనక తోటివాడితో తగువుపడి, ఆరు రోజులకు ఉద్యోగం పోగొట్టుకున్నాడు. నవంబరుకల్లా ప్రత్యర్థి కంపెనీలో తేలాడు, తన జనంతో సహా. అతను వదిలి వెళ్ళిన ఆస్తి ఏదైనా ఉంటే అది ఆ షికాగో ఓటమి ఒక్కటే.

అయితే అంతకన్నా చిక్కైన అభ్యంతరం వేరే ఉంది. ఏఈడబ్ల్యూ తర్వాత కూడా పెద్దపేర్లను తెస్తూనే ఉంది. వారం వారం టీవీలో చూసేవాళ్ళు 2021 నాటితో పోలిస్తే 2024కు బాగా తగ్గారు. అయినా 2024 అక్టోబరులో వార్నర్ బ్రదర్స్ డిస్కవరీతో చాలా పెద్ద ప్రసార ఒప్పందం కుదిరింది. జనం తగ్గినా డబ్బు పెరిగింది కదా, మరి కంపెనీ పెరిగినట్టా కాదా? దీనికి జవాబు అమెరికాలో కంటే మన ఉత్సవ కమిటీల్లో తేలిగ్గా దొరుకుతుంది. తీర్థానికో కల్యాణానికో నాటకం కట్టించేటప్పుడు డబ్బిచ్చేది చూసేవాడు కాదు, కమిటీ. కమిటీకి కావలసింది కరపత్రం మీద నాలుగు పేర్లు. పక్క ఊరి కరపత్రంకన్నా ఒక పేరు ఎక్కువ. నాటకం ఎలా ఆడారన్నది తర్వాతి సంగతి. టికెట్టు కొనేవాడి నుంచి కమిటీ చేతికి నాటకం మారిన రోజే పేరు ధర పెరిగింది, ప్రదర్శన ధర పడిపోయింది. టీవీ చానల్ కూడా ఒక పెద్ద ఉత్సవ కమిటీయే. దానికి చూపించడానికి కరపత్రం కావాలి. ఆ ఒప్పందం కంపెనీకి ఊపిరి పోస్తుందే తప్ప జనాన్ని ఇవ్వదు. కమిటీలు మారుతూ ఉంటాయి. నిన్న రాయబారం కట్టించిన కమిటీ ఇవాళ టీవీ హాస్యనటులను తెస్తోంది, పేర్లే కావాలన్నప్పుడు పద్యమే ఎందుకు?

ఫలితం రాసిపెట్టుకునే వీలులేని ఆటల్లో ఈ సూత్రం చెల్లదేమోనని అనుమానం రావచ్చు. చెల్లుతుంది, ఇంకాస్త క్రూరంగా. ప్రో కబడ్డీలో తెలుగు టైటాన్స్ మూడు సీజన్లు వరసగా అట్టడుగున నిలిచింది. ఆ మూడింటిలో చివరిదానికి జట్టులో ఉన్నది వేలంలో అత్యధిక ధర పలికిన పవన్ సెహ్రావత్. 2022లో అతన్ని తమిళ్ తలైవాస్ 2.26 కోట్లకు కొంటే మొదటి పోటీలోనే మోకాలు దెబ్బతిని సీజనంతా బయటే. సరే, దురదృష్టం అనుకుందాం. 2023లో టైటాన్స్ అతన్ని 2.605 కోట్లకు కొనుక్కుంది. జట్టు మొత్తానికి ఖర్చుపెట్టగలిగే పరిమితి 5 కోట్లు, అందులో సగానికి పైగా ఒక్కడికే. ఈసారి పవన్ బాగానే ఆడాడు, రెండొందలకు పైగా రైడ్ పాయింట్లు తెచ్చాడు. టైటాన్స్ 22 పోటీల్లో గెలిచినవి రెండు. మిగిలిన సగం డబ్బులో సర్దుకోవాల్సి వచ్చిన ఆరుగురూ మన కాంట్రాక్టు నాటకంలో నకుల సహదేవులే. 2024లో క్రిషన్ కుమార్ హుడా శిక్షణలో జట్టు తేరుకుంది. పవన్ గాయపడి పక్కన కూర్చున్న రోజుల్లో విజయ్ మలిక్ ముందుకొచ్చి గెలిపించాడు. 2025లో పవన్ వేరే జట్టుకు వెళ్ళాక, మలిక్ కెప్టెన్‌గా, టైటాన్స్ ఫైనల్‌కు ఒక్క మెట్టు దూరం దాకా వెళ్ళింది. మలిక్‌ను అందరూ స్టార్ అంటున్నది ఇప్పుడు. కొన్నప్పుడు అనలేదు.

మరి స్టార్లే లేకుండా బతకగలరా అంటే, సురభి ఉంది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధతో మొదలైన ఆ కుటుంబం బయటి పేరును నమ్ముకోలేదు. పిల్లలు తెరవెనకే పుట్టి, బాలకృష్ణుడి వేషంతో మొదలుపెట్టి, పెళ్ళిళ్ళూ వాళ్ళలో వాళ్ళే చేసుకుని, తండ్రి కిరీటాన్ని కొడుకు తలకెక్కించారు. జనం వచ్చింది సురభి వాళ్ళ మాయలు చూడటానికి. ఈ రాత్రి ఘటోత్కచుడెవరని అడిగినవాళ్ళు తక్కువ. నూరేళ్ళు దాటినా ఆ పేరు చెరగలేదు. దీన్ని మరీ నెత్తికెత్తుకోలేను. సినిమా వచ్చాక ఆ కంపెనీలూ ఒక్కొక్కటిగా మూతపడ్డాయి, మిగిలినవి ప్రభుత్వ సాయంతోనూ అభిమానుల దయతోనూ నెట్టుకొస్తున్నాయి. పేరు పెరగకపోతే సంస్థ చావదు గానీ, చిక్కిపోతుంది. రెండో కొసన కోడి రామమూర్తి నాయుడు కనిపిస్తాడు. కలియుగ భీముడనిపించుకున్న ఆ వీరఘట్టం మల్లుడు విజయనగరం కేంద్రంగా సర్కస్ నడిపాడు. ఏనుగును గుండెమీద ఎక్కించుకునే మనిషి స్వయంగా యజమానిగా ఉన్న కంపెనీకి వేరే స్టార్ ఎందుకు? కానీ ఆ గుండెను వేరొకరికి అప్పగించే వీలు లేదు. ఆయన పేరు ఇవాళ్టికీ ఉత్తరాంధ్రలో మోగుతోంది, సర్కస్ మిగల్లేదు.

తెలుగునేల మీద ఈ వ్యవహారమంతా ఒక్క రాత్రిలో కనిపించిన సందర్భం 2023 సెప్టెంబరు 8. ఒకప్పటి డబ్ల్యూడబ్ల్యూఎఫ్ అయిన డబ్ల్యూడబ్ల్యూఈ హైదరాబాదు గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలో ప్రదర్శన పెట్టింది. జాన్ సీనా భారతదేశంలో కుస్తీ ఆడటం అదే మొదటిసారి. సెత్ రోలిన్స్‌తో జతకట్టి గెలిచాడు, స్టేడియం దద్దరిల్లింది. అదే కార్యక్రమంలో హర్యానా నుంచి వచ్చిన ఏడడుగుల షాంకీ, అప్పటి ఇంటర్‌కాంటినెంటల్ చాంపియన్ గుంథర్‌తో తలపడి ఓడాడు. అదే నెలలో కంపెనీ షాంకీని ఉద్యోగం నుంచి తీసేసింది. అంటే గచ్చిబౌలికి వచ్చిన వేలమందిలో ఒక్కడినైనా ఒక భారతీయుడి కోసం మళ్ళీ రప్పించే ఉద్దేశం ఆ రాత్రి కథలో లేదు. అది సీనా జనం, సీనా వెంటే విమానమెక్కింది. ఆ కంపెనీకి ఈ విద్య తెలియదా అంటే బాగా తెలుసు. 2025 డిసెంబరు 13న వాషింగ్టన్‌లో సీనా తన ఆఖరి కుస్తీ ఆడినప్పుడు, ఇరవై ఏళ్ళకు పైగా ‘ఓటమి ఒప్పుకోను’ అన్న నినాదాన్ని చొక్కాల మీద అమ్ముకున్న మనిషి, చేత్తో తట్టి ఓటమి ఒప్పుకున్నాడు. ఎదురుగా ఉన్నవాడు గుంథర్. జనం గగ్గోలు పెట్టారు, కంపెనీని బండబూతులు తిట్టారు. గుంథర్ పేరు పెట్టి తిట్టినవాళ్ళు అతను మళ్ళీ ఎప్పుడు ఓడతాడా అని చూడటానికి టికెట్టు కొంటారు.